పైసకు జమానతు, మనిషికి వీసా

నేను సర్కారు బడిపంతుల్ని. సోషల్ చెప్తాను. మాది ఎల్లారెడ్డి దిక్కు పల్లె, మాదిగవాడ. మా ఇంట్ల తాతది వేలిముద్ర, నాయినది సంతకం, నాది డిగ్రీ. మూడు తరాల్లో మేం నడిచిన దూరం అంత. కామారెడ్డి సర్కారు కాలేజీల బి.ఏ. చదివి, బి.ఎడ్. చేసి, 2019ల పోస్టింగు తెచ్చుకున్న.

పదో తరగతి పిల్లలకు ప్రపంచీకరణ గురించి పాఠం చెప్పాలె. పెట్టుబడి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎట్ల పోతది, బహుళజాతి కంపెనీ అంటే ఏంది, అగ్గువ కూలి దొరికిన కాడ కార్ఖానా ఎందుకు పెడతరు అన్నది ఆ పాఠం. చెప్పిన ప్రతి ఏడు నాకు ఒక్కటే అనిపిస్తది: ఇది సగం పాఠమే. పెట్టుబడి కూలి దగ్గరికి వచ్చిన కథ చెప్తున్నం. కూలి పెట్టుబడి దగ్గరికి పోయిన కథ చెప్తలేము. మా వాడకు ఏ విదేశీ కంపెనీ వచ్చి కార్ఖానా పెట్టలేదు. మా మనుషులే సముద్రం దాటి పెట్టుబడి ఉన్న కాడికి పోయిన్రు. ఇది కూడా విదేశీ పెట్టుబడి చరిత్రే. మా దిక్కు నుంచి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్న.

ఈ చరిత్రల నేను ఒక్క మాటను పట్టుకొని నడుస్త. ఆ మాట జమానతు. పూచీ అనండి, హామీ అనండి, గ్యారంటీ అనండి. పైస మా నేల మీదికి వచ్చినప్పుడల్లా దానికి జమానతు దొరికింది. అదే కాలంల మా మనిషికి ఏం దొరికింది అన్నదే నా ప్రశ్న.

కామారెడ్డి రైలు నుంచే మొదలుపెడదాం. మా పెద్దోళ్లు దాన్ని నైజాం రైలు అనేటోళ్లు. కంపెనీ అసలు పేరు నైజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. నడుమ ఉన్న 'గ్యారంటీడ్' అన్న మాటను అందరూ మరిచిన్రు. కథంతా ఆ మాటలనే ఉన్నది. 1880లల్ల లండన్ల ఆ కంపెనీ పెట్టిన్రు. రైలుకు లాభం వచ్చినా రాకున్నా, షేర్ల మీద నూటికి ఐదు చొప్పున ఇరవై ఏండ్లు మిత్తి కట్టిస్తనని నిజాం సర్కారు జమానతు పడ్డది. ఆ మిత్తి ఖజానా నుంచి పోవాలె. ఖజానాకు శిస్తు నుంచి రావాలె. శిస్తు పంట నుంచి, పంట కూలోని రెక్కల నుంచి రావాలె. 1883ల హైద్రాబాదుల చదువుకున్నోళ్లు కొందరు ఈ బేరం లెక్క చెప్పుమని అడిగిన్రు. అడిగినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను రాజ్యం నుంచి వెళ్లగొట్టిన్రు. 1900 ప్రాంతంల హైద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా మీటర్ గేజి లైను పడ్డది. కామారెడ్డి స్టేషను ఆ లైను మీదిది. 1930ల నిజాం సర్కారు ఆ రైల్వేను కొనుక్కున్నది. షేర్ల లెక్క, మిత్తి లెక్క కాగితాల్ల భద్రంగ ఉన్నయి. కట్టకు మన్ను మోసినోళ్ల పేర్లు ఏ కాగితంల లేవు.

అదే కాలంల పల్లెల్ల ఏం నడుస్తున్నది? వెట్టి నడుస్తున్నది. మావోళ్లు నీరడులు, మస్కూరీలు. చెరువు తూము విప్పాలె, మోటకు తోలు కుట్టాలె, చెప్పులు కుట్టియ్యాలె, డప్పు కొట్టాలె, చచ్చిన గొడ్డును ఈడ్వాలె. గిర్దావరు వస్తే మూట మొయ్యాలె. దీనికి కూలి లేదు. కల్లం కాడ దోసిట్ల పోసిన గింజలే లెక్క. ఇది కాక జీతం. పెండ్లికో చావుకో దొర దగ్గర అప్పు తెస్తే, అది తీరేదాక ఆ మనిషి దొర ఇంట్ల జీతగాడు. అది తీరదు. లండన్ షావుకారు పైసకు సర్కారు జమానతు. మా తాత అప్పుకు మా తాతే జమానతు. ఆయన ఒక్కడు చాలకపోతే ఆయన కొడుకు.

ఎల్లారెడ్డి దిక్కు నీళ్ల కథ కూడా అసొంటిదే. మంజీర మీద నిజాంసాగర్ పని 1923ల మొదలై 1931ల పూర్తయింది. నీళ్లు నిలబడ్డది మా దిక్కు. కాలువ పారింది బాన్సువాడ, బోధన్ దిక్కు. నీళ్ల ఎంబడి చెరుకు వచ్చింది. చెరుకు ఎంబడి 1937ల బోధన్ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మా వాడకు నీళ్లు కనబడతయి గని అందవు. పారకం కాడికి నాట్లకు, చెరుకు కొట్టుడుకు మావోళ్లు కూలికి పోయిన్రు. ఆ ఫ్యాక్టరీల 51 శాతం వాటాను 2002ల ప్రైవేటోళ్లకు అప్పగించిన్రు. 2015 డిసెంబర్ల లే-ఆఫ్ అని గేటుకు తాళం పడ్డది. పెట్టుబడి లేచి పోవాలనుకుంటే దానికి దారి ఉన్నది. చెరుకు కొట్టేటోని కత్తికి మాత్రం వేరే పని చూపించినోళ్లు లేరు.

మా నాయిన పదో ఏట జీతం ఉన్నడు. 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. "చట్టం వచ్చిందని మనూర్ల ఎవలు చెప్పలె రా. దొర చెప్తడా?" అని నాయిన ఇప్పటికీ నవ్వుతడు. తర్వాత సంఘాలు వచ్చినయి, కూలిరేట్ల మీద కొట్లాటలు అయినయి, కొంత మార్పు వచ్చింది. కాని మా వాడల జీతం పూర్తిగ తెగింది దుబాయ్ వీసాతోని. ఇది చెప్పుకోవడానికి చాలామంది ఇష్టపడరు. నేను చెప్తా. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్ల పైస పొంగింది. రోడ్లు, పోర్టులు, బిల్డింగులు కట్టేటందుకు మనుషులు కావలసి వచ్చింది. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి మనుషులు కదిలిన్రు. ఊర్లె జీతగాళ్లు కరువైన కాడ దొర కూలి పెంచక తప్పలేదు.

మా నాయిన 1996ల సౌదీ పోయిండు. ఏజెంటుకు యాభై వేలు కట్టిండు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు అది. కాగితం మీద 600 రియాళ్లు అన్నరు, చేతికి 450 ఇచ్చిన్రు. దిగంగనే పాస్‌పోర్టు కంపెనీ గుంజుకున్నది. క్యాంపుల ఒక గదిల పన్నెండు మంది. మొదటి రెండేండ్ల పైసలు మిత్తికే పోయినయి. అట్లనే పన్నెండేండ్లు అక్కడ మన్ను తవ్విండు. 2008ల వాపసు వచ్చేనాటికి ఐదు నెలల జీతం రావలసి ఉండె. అది ఇంకా రావలసే ఉన్నది.

అయినా ఆ ఎడారిల నాయినకు ఒకటి దొరికింది. "ఆడ నన్నెవలు నీదే కులమని అడుగలె రా. ఒక్క పళ్లెంల తిన్నం. కులం అడిగినోడు ఒక్కడే, వాడు మన దిక్కోడే" అంటడు. 1999ల సెలవు మీద వచ్చినప్పుడు పటేల్ కొడుకు మా వాకిట్లకు వచ్చిండు, వీసా ఉంటే చూడుమని. మా ఇంట్ల కుర్చీ మీద కూసున్నడు. మా తాత గోడకు ఆనుకొని ఆ కుర్చీనే చూసుకుంట నిలబడ్డడు. కాబట్టి గల్ఫ్ అంటే వట్టి ఏడుపే అని నేను రాయను. మా వాడల మొదటి స్లాబ్ ఇల్లు, మొదటి టీవీ, మొదటి కాలేజీ ఫీజు ఆ పైసలతోనే వచ్చినయి. ఊరి జీతం నుంచి విడిపించింది అదే. ఇంకో జీతంల పెట్టింది కూడా అదే.

ఆ రెండో జీతం పేరు కఫాలా. అరబ్బీల కఫీల్ అంటే జమానతుదారు. పూచీ పడేటోడు. మాట ఎంత మంచిదో చూడండి. ఆ పూచీ నడిచేది ఎట్లనో కూడా చూడండి. కఫీల్ సర్కారుకు పూచీ: ఈ మనిషి నా కింద ఉన్నడు, చెప్పినప్పుడు పంపిస్త అని. మనిషికి మాత్రం పూచీ కాదు. పని మారాలంటే కఫీల్ ఒప్పవలసి ఉండె. ఏండ్లకేండ్లు, కొన్ని దేశాల్ల ఊరికి రావాలన్నా కఫీల్ ఒప్పాలె. కొట్టినా, జీతం ఇయ్యకపోయినా, గేటు దాటి బయటికి పోతే కాగితాలు లేని మనిషి అయితడు. మావోళ్లు దాన్ని ఖల్లివెల్లి అయిండు అంటరు. ఖతర్ 2022 ఫుట్‌బాల్ పోటీల ముంగట లోకమంతా వేలెత్తి చూపినంక ఈ రూల్సు కొన్ని సడలించింది, 2021 మార్చి నుంచి నెలకు 1000 రియాళ్ల కనీస వేతనం పెట్టింది. అడిగితే వస్తదని దీంతోని తెలుస్తది. అడిగింది ఎవరన్నది కూడా గుర్తుంచుకోవాలె.

ఇప్పుడు మా అవ్వ సంగతి. నాయిన అక్కడ ఉన్నన్ని ఏండ్లు ఇల్లు గడిచింది బీడీల మీద. ఒళ్ల చాట, చాటల తునికాకు, తంబాకు, దారం, కత్తెర. పొద్దుగాల వంట కాంగనే కూసుంటే రాత్రి దీపం పెట్టినంక కూడా అదే కూసుండుడు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. టేకేదారు కట్టలు చూసి బాగలేవని కొన్ని పక్కకు పారేస్తడు. ఆ పారేసిన వాటికి కూలి లేదు, ఆకు మాత్రం అవ్వ నుంచే పోయింది. "మీ నాయిన పైసలు మిత్తికి పోయినయి, నా బీడీలు మీ బువ్వకు వచ్చినయి బిడ్డా" అంటది అవ్వ. ఆమె ఒక్క మాటల చెప్పింది చాలా పుస్తకాల్ల దొరకదు. నాయినకు 450 రియాళ్లు ఇచ్చి పని చేయించుకోవడం ఆ కంపెనీకి ఎట్ల సాధ్యమైంది? ఇక్కడ పిల్లలను సాదే ఖర్చు దాని మీద పడలేదు కాబట్టి. ఆ ఖర్చును మా అవ్వ మోసింది. అంటే ఎడారిల లేచిన బిల్డింగుకు ఎల్లారెడ్డి ఆడోళ్ల నడుములు సబ్సిడీ ఇచ్చినయి. ఈ లెక్క ఏ బ్యాంకూ రాయదు.

విదేశీ పెట్టుబడే మన శత్రువు, స్వదేశీ అయితే కూలోడు బాగుపడతడు అనే మిత్రులకు ఒక మాట. బీడీ స్వదేశీ. ఆకు మన అడివిది, తంబాకు మన దేశానిది, కంపెనీ మన దేశపోళ్లది. సిగరెట్ల తయారీల విదేశీ ప్రత్యక్ష పెట్టుబడిని మన సర్కారు 2010ల పూర్తిగ బంద్ పెట్టింది. మరి మా అవ్వకు ఏం ఒరిగింది? 1966ల బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చినా, పని ఇంట్ల చేయించి కంపెనీలు తమ బాధ్యతను టేకేదారు మీదికి నెట్టినయి. 1976ల వచ్చిన బీడీ సెస్సు చట్టం కొంత మేలు చేసింది. ఆ సెస్సు పైసల నుంచి బీడీ కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చిన్రు. నా చదువుల ఆ పైసలున్నయి. 2017ల జి.ఎస్.టి. వచ్చినప్పుడు బీడీ మీద 28 శాతం పన్ను వేసిన్రు, ఆ సెస్సును మాత్రం ఎత్తేసిన్రు. పన్ను పెరిగింది, కార్మికుల పేరు మీద పక్కకు తీసి పెట్టే పైస పోయింది. పెట్టుబడి ఏ దేశానిది అన్న ప్రశ్న పెద్దదే. ఎవరి కులం రెక్కల మీద నడుస్తున్నది అన్న ప్రశ్న దానికన్నా పాతది.

1991 తర్వాత విదేశీ పెట్టుబడి కోసం దేశం తలుపులు తెరిచిన్రు. 1994 నుంచి వేరే దేశాలతోని పెట్టుబడి రక్షణ ఒప్పందాలు చేసుకుంట వచ్చిన్రు. 2005ల సెజ్ చట్టం చేసిన్రు. ఎర్ర తివాచీ పరిచిన్రు. మరి దేశంల ఎక్కువ డాలర్లు ఎక్కడి నుంచి వచ్చినయి? 2024ల వలస పోయినోళ్లు ఇండ్లకు పంపింది సుమారు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్క. 2024-25ల వచ్చిన మొత్తం విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి సుమారు 8,100 కోట్ల డాలర్లు. వాపసు పోయింది, మన కంపెనీలు బయట పెట్టింది తీసేస్తే అందుల మిగిలింది 100 కోట్ల డాలర్లు కూడా లేదు. పంపిన పైసల్ల అమెరికా సాఫ్ట్‌వేరోళ్లవి చాలా ఉన్నయి, నిజమే. కాని రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24ల కూడా సుమారు 38 శాతం గల్ఫ్ ఆరు దేశాల నుంచే వచ్చింది. పెట్టుబడి వస్తనంటే ముఖ్యమంత్రులు విమానాలెక్కి పోయి దండలు వేస్తరు. ఈ పైసలు పంపినోడు శంషాబాద్ ఎయిర్‌పోర్టుల అట్టపెట్టెకు తాడు కట్టుకొని దిగుతడు.

ఇంకో రెండు తారీఖులు చెప్త. యు.ఏ.ఈ.తోని మన దేశం 2024 ఫిబ్రవరిల పెట్టుబడి ఒప్పందం మీద సంతకం పెట్టింది. అది 2024 ఆగస్టు 31 నాడు అమలులకు వచ్చింది. అక్కడి పెట్టుబడిదారుకు ఇక్కడ అన్యాయం జరిగిందనుకుంటే, మన కోర్టుల్ల మూడేండ్లు చూసి, ఆ తర్వాత మన సర్కారునే అంతర్జాతీయ మధ్యవర్తుల ముంగటికి గుంజవచ్చు. తెల్లారి, అంటే సెప్టెంబర్ 1 నాడు, అదే యు.ఏ.ఈ.ల ఆమ్నెస్టీ మొదలైంది. కాగితాలు లేకుంట మిగిలిపోయిన కార్మికులు జరిమానా లేకుంట కాగితాలు సరిచేసుకోవచ్చు, లేకపోతే దేశం విడిచి పోవచ్చు. దాన్ని డిసెంబర్ చివరి దాకా పొడిగించిన్రు. ఒక రోజు తేడాతోని రెండు కాగితాలు. పైసకు ఒప్పందం, మనిషికి క్షమాభిక్ష. జీతం రాక, పాస్‌పోర్టు లేక ఖల్లివెల్లి అయినోడు ఏ నేరం చేసిండని క్షమించుడు?

మన సర్కారు మాత్రం తక్కువ తినలేదు. గల్ఫ్‌కు పోయే కార్మికునికి ఇంతకన్నా తక్కువ జీతం ఉండరాదని ఢిల్లీ ఒక కనీస రేటు పెట్టి ఉండె. 2020 సెప్టెంబర్ల, కరోనా కాలంల, ఆ రేటును 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. వేరే దేశాల కూలోళ్లు అగ్గువకు వస్తరు, మనోళ్లకు పని పోతదని సాకు. ఒక సర్కారు తన మనుషుల కూలిని తానే తగ్గించి అంగట్ల పెట్టింది. దీని మీద తెలంగాణ హైకోర్టుల కేసు వేసిన్రు. 2021 జూలైల సర్కారు ఆ ఉత్తర్వులు వాపసు తీసుకున్నది. ఈ గెలుపు మన విద్యార్థులకు తెలియాలె. ఎవరో దయ తలిస్తే ఆ రేటు నిలబడలేదు, కొట్లాడితే నిలబడ్డది.

బడిల నా పనికి ఈ చరిత్రతోని నేరుగ సంబంధం ఉన్నది. పదో తరగతి పాసైనోని పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ చెక్ అక్కరలేదు. పాస్ కానోని పాస్‌పోర్టు ఈసీఆర్. గల్ఫ్‌ల కూలికి పోవాలంటే 1983 చట్టం ప్రకారం అనుమతి తెచ్చుకోవాలె. కనీస జీతం రేటు, ఒప్పంద పత్రం చూసే పని ఆ అనుమతి కాడనే ఉంటది. పాసైనోనికి ఆ తనిఖీ లేదు, ఆ కాపలా కూడా లేదు. కానోనికి కాపలా ఉన్నది గని, ఏజెంటు విజిట్ వీసా మీద పంపితే అదీ లేదు. రిజిస్టర్డు ఏజెంటు ఫీజు 30,000 రూపాయలకు మించరాదని రూలు. ఆ రూలు ఉన్నదన్న సంగతి మా పల్లెల్ల ఎంతమందికి తెలుసు? అందుకే నేను పదో తరగతి పిల్లలకు ఆ పాఠంతోని పాటు ఇవన్నీ బోర్డు మీద రాస్త. మెమోల పేరు, ఆధార్ల పేరు ఒక్కటే ఉన్నదా చూస్త. ఒప్పంద పత్రం చదువుడు నేర్పుత. పోవద్దని చెప్పను. ఇక్కడ భూమి లేనోన్ని, పని లేనోన్ని ఉండుమని చెప్పే హక్కు నాకెక్కడిది? తెలిసి పోవాలంట.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్ల లేబర్ మెంబరు. ఆ కాలంల కార్మికుల పని గంటల మీద, బీమా మీద ఆయన చేసిన పనిని మనం తక్కువ చదువుతం. 1947ల ఆయన రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' అన్న పత్రంల ఒక ముఖ్యమైన వాదన ఉన్నది. ఆర్థిక రంగంల సర్కారు జోక్యం లేకపోతే అది స్వేచ్ఛ అనుకోవద్దని, భూస్వామి కౌలు పెంచేటందుకు, పెట్టుబడిదారు పని గంటలు పెంచేటందుకు అది స్వేచ్ఛ అయితదని ఆయన చెప్పిండు. రాజ్యాంగంలనే కూలోనికి జమానతు రాయాలె అన్నడు. రాయలేదు. పైసకు మాత్రం దేశదేశాల ఒప్పందాల్ల రాసిన్రు.

కేరళ 1996లనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకున్నది, ఆ తర్వాత సంక్షేమ బోర్డు పెట్టుకున్నది. మన తెలంగాణ 2024ల గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబాలకు ఐదు లక్షల పరిహారం అని ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కాని శవపేటిక దిగినంక ఇచ్చేది జమానతు కాదు, ఓదార్పు. బతికున్నోనికి కావలసింది వేరే ఉన్నది. ఒప్పంద పత్రం తెలుగుల చేతికియ్యాలె. ఎగ్గొట్టిన జీతం కోసం ఇక్కడి నుంచే కేసు నడిపే ఏర్పాటు కావాలె. పోయేటందుకు తక్కువ మిత్తికి బ్యాంకు అప్పు కావాలె. వాపసు వచ్చినోనికి పింఛను కావాలె. ఇంటి కాడ బీడీలు చుట్టే ఆమెను కూడా కార్మికురాలని లెక్కల రాయాలె. అన్నిటికన్నా ముందు, ఏ దేశంతో పెట్టుబడి ఒప్పందం చేసుకున్నా అదే కాగితంల అక్కడి మన కూలోని జీతానికీ పూచీ రాయాలె. వాళ్ల పైస మన కోర్టు దాటి పోయి న్యాయం అడగవచ్చు అయితే, మన మనిషి వాళ్ల క్యాంపు గేటు దాటి పోయి ఎందుకు అడగరాదు?

మా తాత తన అప్పుకు తానే జమానతు ఉన్నడు. మా నాయిన కఫీల్ చేతిల ఉన్నడు. నా ముంగట బెంచీల మీద కూసున్న పిల్లలు మూడో తరం కాదు, నాలుగో తరం. వీళ్లల్ల కొందరు రేపు పోతరు. ఉట్టి చేతులతోని పోరాదు, హక్కుల కాగితం పట్టుకొని పోవాలె. ఆ కాగితం రాయించుకునే కొట్లాట కామారెడ్డిల, ఎల్లారెడ్డిల, మనం ఉన్న ప్రతి వాడల మొదలు కావాలె.